శనివారం దాకా ఆపిన తాబేళ్ళు

కొండమీది మఠం, తగాయ్‌తాయ్
నవంబరు 8

ప్రియమైన ఆతే మెదింగ్‌కి,

నువ్వు పంపిన ఎండు చేపల పొట్లం అందింది. మదర్ వాసన చూసి, "ఇది ప్రార్థనలు చేసుకునే ఇల్లా, చేపల బజారా?" అన్నారు. మధ్యాహ్నం మాత్రం అందరికంటే ఎక్కువ ఆవిడే తిన్నారు. ఈ ఉత్తరం గేటు దాటే ముందు ఆవిడ చదువుతారు కాబట్టి, ఈ ముక్క ఆవిడ ఎదుటే అంటున్నట్టు లెక్క.

నీ మోకాలు ఎలా ఉంది? ఇసకలో నిలబడి చేతి మైకులో అరవొద్దని డాక్టరు చెప్పాడని రాశావు. అక్క డాక్టరు మాట వింటుందన్న ఆశ ఈ చెల్లెలికి ఎప్పుడూ లేదు. ఈ ఏడు కూడా తాబేళ్ళ శనివారాలు మొదలుపెట్టావనీ, పక్క ఊళ్ళ బడిపిల్లలు జీపుల్లో వస్తున్నారనీ చదివి గర్వంగా అనిపించింది. మన చిన్నప్పుడు తాబేలు గుడ్డంటే ఉడకబెట్టుకు తినేదే. ఇప్పుడు పిల్లలు ఒక్కో తాబేలు పిల్లను కొబ్బరి చిప్పలో పట్టుకెళ్ళి నీళ్ళ అంచున వదులుతున్నారు. ఒకప్పుడు గుడ్ల బస్తాతో పట్టుబడ్డ మాంగ్ ఇస్లావే ఇప్పుడు ఇసకలోని ఆ గుడ్ల గూళ్ళకు కాపలా ఉంటున్నాడు. ఇదంతా నీ నోటి చలవే.

ఇప్పుడొక కోరిక. ఇక్కడ నెనిటా అని ఒక పిల్ల ఉంది. ఉత్తరాన కొండల్లోంచి వచ్చింది, సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఈ నెలాఖరు ఆదివారం ముసుగు వేసుకుని లోపలికి వచ్చేస్తుంది. ఆ తర్వాత నాలాగే ఇక గేటు దాటదు. ముందురోజు శనివారం వాళ్ళన్నయ్యతో కలిసి ఎక్కడికైనా వెళ్ళి రమ్మని మదర్ సెలవిచ్చారు. ఎక్కడికి వెళ్తావని అడిగితే, "సిస్టర్ ఇనేస్, మీరెప్పుడూ చెప్పే ఆ తాబేలు పిల్లల్ని చూడాలి" అంది. నేను లోపలికి వచ్చే ముందురోజు సంచి సర్దుకుంటూ ఇంట్లో కూర్చున్నానే గాని తీరానికి వెళ్ళిరాలేదు. ఇన్నేళ్ళయినా ఆ వెలితి నన్ను వదల్లేదు. ఈ పిల్లకు అలా కాకూడదు.

ఆ శనివారానికి ఏదో ఒక గూడు అందేలా చూడు. ఒకవేళ పిల్లలు ముందే పైకొస్తే కాస్త ఆపి ఉంచు. నీకు చేతనవుతుంది.

నీ చెల్లి,
దోరాయ్
(ఇక్కడివాళ్ళకు సిస్టర్ ఇనేస్)


సితియో మలబుహాన్, బతాంగాస్ తీరం
నవంబరు 29, శనివారం సాయంత్రం

దోరాయ్,

నెనిటా జీపు ఎక్కుతోంది. వాళ్ళన్నయ్య తొందరపెడుతున్నాడు. జీపు బానెట్ మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే నన్ననకు. రేపటినుంచి క్రిస్మస్ దాకా మీకు ఆగమన కాలపు మౌనం, ఉత్తరాలు ఇవ్వరు. అందుకే ఈ పిల్ల చేతికే ఇచ్చి పంపుతున్నాను.

అంతా బాగా జరిగింది. ఊరూ వాడా వచ్చారు. మన ఊరిపెద్ద కపితాన్ ఉపన్యాసం ఎప్పటిలాగే ఎంతకీ తెగలేదు. చివరికి ఒకటో తరగతి పిల్లవాడు లేచి, "కపితాన్, తాబేళ్ళకి ఆకలేస్తోంది" అన్నాక ఆపాడు. పిల్లలు నాటకం వేశారు. ప్లాస్టిక్ సంచి వేషం వేసిన పిల్ల తాబేలును మింగబోయి తానే జారిపడింది. తర్వాత అందరికీ వేడి వేడి జావ పోశాం.

నీ నెనిటా చెప్పులు విడిచి, పావడా అంచు తడిసిపోతున్నా పట్టించుకోకుండా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. సముద్రం ఇంత ఉప్పగా ఉంటుందా అని వేలు నాకి చూసింది. తన చిప్పలోని పిల్లను వదిలి, అది నీళ్ళలో కలిసిపోయాక కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. ఏడుస్తున్నావా అని అడిగితే, లేదు, గాలి అంది. నువ్వూ అచ్చం ఇలాగే అబద్ధమాడేదానివి.

ఈసారి పిల్లలు కొంచెం నెమ్మదిగా నడిచాయి. చలిగాలి వల్లనేమో. మాంగ్ ఇస్లావ్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

మీ ఆతే,
మెదింగ్


కొండమీది మఠం
డిసెంబరు 27

ప్రియమైన ఆతే,

ఆగమన కాలం అయిపోయింది. నోరూ కలమూ రెండూ విప్పుకోనిచ్చారు. పండుగ రోజు మదర్ సొరుగు తీసి అందరి ఉత్తరాలూ పంచారు. నాకు నీ దగ్గర్నుంచి ఒక్కటీ లేదు. ఏటా నువ్వు బియ్యపు రొట్టెల గురించీ, తెల్లవారుజాము పూజలో నిద్రపోయినవాళ్ళ గురించీ పేజీలు నింపేదానివి. ఒంట్లో బాగాలేదా?

నీ తాబేళ్ళు మా మఠంలో ఎంత సందడి చేశాయో చెప్పాలి. మాట్లాడుకునే గంట దొరికినప్పుడల్లా నెనిటా ఆ సాయంత్రం గురించే చెబుతుంది. అవి గురువారమే పుట్టాయనీ, అయినా తన కోసం రెండు రోజులు ఆగాయనీ నువ్వు తన చెవిలో చెప్పావట. "నన్ను సాగనంపడానికే ఆగాయి సిస్టర్" అంటుంది. ముసుగు వేసుకునేటప్పుడు భయమే వేయలేదట, ఆ చిన్న కాళ్ళు గుర్తొచ్చాయట. తన కంట్లో ఆ వెలుగు చూసినప్పుడల్లా నీకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను.

మాంగ్ ఇస్లావ్‌కి ఒక జపమాల అల్లాను, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నూలు తాడుతోనే, వల ముడులు వేసే చేతికి ముడులున్న మాల బాగుంటుందని. అతనికి నా చేత్తో చేశానని చెప్పు. వాళ్ళావిడ ఆలింగ్ సేలాని కూడా అడిగానని చెప్పు.

నీ దోరాయ్


మలబుహాన్
జనవరి 15

దోరాయ్,

ఒంట్లో బాగానే ఉంది. బడి పనులు.

జపమాల నా దగ్గరే ఉంది. మాంగ్ ఇస్లావ్‌కి ఇంకా ఇవ్వలేదు. అతను ఇప్పుడు గూళ్ళ కాపలాలో లేడు, ఊరివాళ్ళు తీసేశారు. ఆ శనివారం వదిలిన తాబేలు పిల్లలు చాలామటుకు బతకలేదు. ఆదివారం పూజ అయ్యాక బడిపిల్లలు ఒడ్డున చూశారు. కాకులు, కుక్కలు చేరాయి. పిల్లలు బాగా ఏడ్చారు. విచారిస్తే, వాటిని శుక్రవారమే అతని గుడిసెలో తొట్టిలో చూశామని పక్కింటివాళ్ళు చెప్పారు. పట్నంలో పెంచుకునేవాళ్ళకు అమ్మాలని దాచి, బేరం కుదరక తెచ్చిచ్చాడని జనం అంటున్నారు. పాత అలవాటు ఎక్కడికి పోతుందన్నారు. అతనేమీ ఎదురుచెప్పలేదు.

శనివారాలు ఆపలేదు. కపితాన్ కొడుకు ఇప్పుడు కాపలా ఉంటున్నాడు. అతను నిద్రపోతు. నేనే తెల్లవారక ముందు వెళ్ళి చూసి వస్తున్నాను.

నెనిటాని బాగా చూసుకో.

మెదింగ్


కొండమీది మఠం
జనవరి 30

ఆతే,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో "జనం అంటున్నారు" అని ఉంది. నువ్వేమంటున్నావో లేదు.

అవి గురువారం పుట్టిన సంగతి నీకు తెలుసు. నెనిటా చెవిలో చెప్పింది నువ్వే. నీకు తెలియకుండా మాంగ్ ఇస్లావ్ వాటిని దాస్తే, ఆ మాట నువ్వెలా చెప్పగలిగావు?

ఆపి ఉంచమన్నది ఎవరు ఆతే? అతనా, నువ్వా? లేక నేనా? దాచకుండా రాయి.

దోరాయ్


మలబుహాన్
ఫిబ్రవరి 12

దోరాయ్,

ఇది మదర్ కూడా చదువుతారు. చదవనీ.

గురువారం తెల్లవారేసరికి గూడు మీది ఇసక కుంగింది. పిల్లలన్నీ ఒక్కసారిగా పైకొచ్చాయి. మాంగ్ ఇస్లావ్ పరుగున వచ్చి నా తలుపు కొట్టాడు. "వచ్చేశాయి టీచర్. ఎండెక్కక ముందే వదిలేద్దామా?" అన్నాడు. నేను శనివారం దాకా ఉంచండి అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. ప్రతి శనివారం నేను మైకులో మొదట చెప్పే పాఠం అతను నా పక్కన నిలబడి వింటున్నవాడే. పుట్టిన పిల్లకు పొట్టలో ఉన్న బలం లోతు నీళ్ళు చేరేదాకానే సరిపోతుందనీ, తొట్టిలో పెడితే ఆ బలమంతా గోడల మధ్య ఈదుతూ ఖర్చుపెట్టేస్తుందనీ నేను గొంతు చించుకుని చెబుతాను. ఎందుకని అతను అడగలేదు. "మీ ఇష్టం టీచర్" అన్నాడు.

బడిలో పెడితే పిల్లలు చూస్తారు, తప్పు కదా మేడం అంటారు. ఆ మాట వాళ్ళకు నేర్పింది నేనే. అందుకని నీలం తొట్టిని అతని గుడిసెలో పెట్టించాను. శుక్రవారం సాయంత్రం వెళ్ళి చూస్తే అవి ఇంకా తొట్టి గోడకు ముక్కులు ఆనించి కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాయి. ఆలింగ్ సేలా, "వీటికి అలుపు రాదా టీచర్?" అంది. రాదన్నాను. శనివారం మైకులో, ఇవి ఈ తెల్లవారుజామునే పుట్టాయని ఊరందరికీ చెప్పాను. నెనిటాకి మాత్రం నిజం చెప్పాను, నువ్వు సంతోషిస్తావని.

ఆదివారం బాస్కెట్‌బాల్ కోర్టులో అందరూ చేరారు. పక్కింటావిడ లేచి శుక్రవారం చూసింది చెప్పింది. కపితాన్ అతని వైపు తిరిగి, "టీచర్ గారిని కూడా మోసం చేశావా ఇస్లావ్? నిన్న తెల్లవారుజామునే పుట్టాయని ఆవిడ చేత మైకులో చెప్పించావా?" అన్నాడు. నేను ఆడిన అబద్ధం కూడా అతని నెత్తినే పడింది. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. "నాదే పొరపాటు కపితాన్" అన్నాడు. నేను నోరు తెరిచాను. తెరిచి మూసుకున్నాను.

నిజం చెబితే శనివారాలు ఆగిపోతాయి, పిల్లలు ఇక నా మాట నమ్మరు అని ఆ రాత్రంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అదంతా తర్వాత వెతుక్కున్న సాకు. ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే, అందరి ముందూ పరువు పోతుందని. సిగ్గేసింది, అంతే.

అతను ఎందుకు నోరు మెదపలేదో నీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పట్లో అధికారులు అతన్ని గుడ్ల బస్తాతో సహా పట్టుకెళితే, నేను వెళ్ళి పూచీ పడి విడిపించుకొచ్చాను. మనవాళ్ళు అలాంటి మేలును తీర్చాల్సిన బాకీలా కడుపులో పెట్టుకుంటారు, చచ్చేదాకా. అది తెలిసే నేను నోరు మూసుకున్నానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. అతను మాట్లాడడని నాకు నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

వాళ్ళ కంచె మీద ఎవరో బొగ్గుతో దొంగ అని రాశారు. ఆలింగ్ సేలా కడిగితే మళ్ళీ రాశారు. ఆ రాత నా తరగతి పిల్లలదే, నాకు గుర్తే. వచ్చే నెల అతను దక్షిణాన చేపల పడవ ఎక్కి వెళ్ళిపోతాడట, ఆ వయసులో. అతను వెళ్ళేలోపు నేను చెప్పాలి. చెబుతానా అన్నది నాకే తెలియడం లేదు.

మెదింగ్


కొండమీది మఠం
ఫిబ్రవరి 22

ఆతే,

బుధవారం బూడిద పెట్టుకుంటాం. ఆ తర్వాత ఈస్టర్ దాకా ఉత్తరాలు ఉండవు. అందుకే ఈ రోజే రాస్తున్నాను.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కాని తిట్టాలంటే నా మొదటి ఉత్తరం గుర్తొస్తోంది. ఆపి ఉంచు అని రాసింది నేను. నేను ఆ ఇసకలో పుట్టినదాన్ని. నాన్న గుడ్లు తవ్వేవాడే గాని, పైకొచ్చిన పిల్లను మాత్రం మనల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను ఒకదాన్ని డబ్బాలో దాచుకుంటే వీపు విమానం మోత మోగించాడు. తెలియక రాశానని నేను అనలేను. నా వెలితి తీర్చుకోవడానికి ఆ పిల్లను అడ్డం పెట్టుకున్నాను.

మదర్‌తో అంతా చెప్పుకున్నాను. నెనిటాకి మాత్రం చెప్పలేదు. తను ఇప్పటికీ ఆ తాబేళ్ళు సముద్రం నడుమ పెద్దవవుతున్నాయని చెబుతుంది, వాటికోసం ప్రార్థన చేస్తుంది. నేను పక్కనే మోకరించి ఆమెన్ అంటాను. కాబట్టి మౌనం గురించి నీకు నీతులు చెప్పే ముఖం నాకు లేదు.

అయినా ఒకటి అడుగుతాను. దేవుణ్ణి క్షమించమని అడగడానికి నేను చాలు, రోజంతా నా పని అదే. మాంగ్ ఇస్లావ్‌ని అడగడానికి మాత్రం నువ్వే వెళ్ళాలి. అతను పడవ ఎక్కకముందే వెళ్ళు.

నీ దోరాయ్


మలబుహాన్
మార్చి 7, ఆదివారం

దోరాయ్,

ఇది ఈస్టర్ దాకా మదర్ సొరుగులో పడుంటుందని తెలిసే రాస్తున్నాను. రాయకపోతే నాకు ఊపిరాడదు.

నిన్న ఈ ఏటి ఆఖరి శనివారం. పిల్లలు చిప్పలు పట్టుకుని తాడు వెనకాల వరుసగా నిలబడ్డారు. రాత్రే పైకొచ్చిన తాబేలు పిల్లల్ని తెల్లవారకుండానే వదిలేశాను. చిప్పలు ఖాళీగా ఉన్నాయేమిటని అందరూ అడుగుతుంటే మైకు తీసుకున్నాను. చెప్పాను. గురువారం సంగతి, తొట్టి, అతని గుడిసెలో ఎందుకు పెట్టించానో, మైకులో ఆడిన అబద్ధం, బాస్కెట్‌బాల్ కోర్టులో నోరు మూసుకోవడం, ఏదీ మిగల్చలేదు. 

ఏం జరుగుతుందని భయపడి నెలల తరబడి చచ్చానో, అదేమీ జరగలేదు.  కపితాన్ మైకు అందుకుని, "చూశారా మన టీచర్ గారి మనసు? ఇంతమందిలో తప్పు ఒప్పుకున్నారు. నేర్చుకోండి పిల్లలూ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు దోరాయ్. ఆడవాళ్ళు వచ్చి నా భుజం నిమిరి, "పోనీలెండి టీచర్, ఓ పిల్ల ముచ్చట తీర్చాలనే కదా" అన్నారు. కంచె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అతన్ని దొంగ అనడానికి వీళ్ళకు ఎంతసేపు పట్టిందో, నన్ను క్షమించడానికి కూడా అంతసేపే పట్టింది. ఆ చప్పట్లు వింటుంటే ఒళ్ళంతా చీదర పుట్టింది.

నాలుగో తరగతి పిల్ల ఒకతి మాత్రం చప్పట్లు కొట్టలేదు. "మేడం, కోర్టులో మీరు ఏమీ అనకుండా ఉన్నప్పుడు ఇస్లావ్ తాత అక్కడే ఉన్నాడా?" అంది. ఉన్నాడన్నాను. "మిమ్మల్ని చూస్తున్నాడా?" అంది. చూస్తున్నాడన్నాను. ఆ పిల్ల చిప్ప కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి నేరుగా మాంగ్ ఇస్లావ్ ఇంటికి వెళ్ళాను. రేపే అతను పడవ ఎక్కేది. గుమ్మంలో కూర్చుని సంచికి తాడు కుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, స్టూలు తుడిచి వేశాడు. ఆలింగ్ సేలా కాఫీ తెచ్చింది. నేను అందరి ముందూ చెప్పేశానన్నాను. క్షమించమన్నాను. వెళ్ళొద్దనీ, కాపలాకి మళ్ళీ రమ్మనీ బతిమాలాను.

అతను మళ్ళీ కూర్చుని, సంచికి ఇంకో కుట్టు వేశాడు.

"చప్పట్లు ఇక్కడిదాకా వినబడ్డాయి టీచర్" అన్నాడు. "నా కోసమైతే చెప్పాల్సింది కాదు. నేనేమీ మిమ్మల్ని చెప్పమనలేదు కదా."

"మీకు అన్యాయం చేశాను మాంగ్ ఇస్లావ్."

"చేశారు. నేను ఒప్పుకునే చేయించుకున్నాను. ఆ రోజు మీరు రాకపోతే నేను జైల్లో ఉండేవాణ్ణి. దానికి బదులుగా మీకు ఏమివ్వాలా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్నాను. నా దగ్గర ఏముంది? ఆ కోర్టులో మీరు నోరు మూసుకున్నప్పుడు దొరికింది. కష్టమైనా బాగానే అనిపించింది, ఈ మనిషికి నేనూ ఒక పని చేశాను కదా అని." సూది సంచిలో గుచ్చి పక్కన పెట్టాడు. "ఈ రోజు మీరు అది కూడా వెనక్కి ఇచ్చేశారు."

 ఆలింగ్ సేలా లోపలికి వెళ్ళిపోయింది.

"అయినా ఇచ్చినన్నాళ్ళు ఇచ్చాను. మీరు నన్ను విడిపించారు, నేను మిమ్మల్ని కాచాను. సరికి సరి. ఇక మీకూ నాకూ మధ్య ఏమీ లేదు టీచర్."

గట్టిగా అనలేదు, కోపంతో అనలేదు. మన ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనరు, నీకు తెలుసు. గట్టు తగాదాల్లో కొట్టుకున్నవాళ్ళు కూడా అనరు. ఒకళ్ళకొకళ్ళం ఏదో ఒకటి బాకీ ఉంటేనే కదా మనం ఒకళ్ళ గుమ్మం ఒకళ్ళం తొక్కేది.

కాఫీ తాగాను. తాగకపోతే బాగుండదు. నీ జపమాల నా సంచిలోంచి తీయలేకపోయాను. లేస్తుంటే అతను కూడా లేచి, గేటు దాకా వచ్చి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళను సాగనంపినట్టు మర్యాదగా తలవంచి నిలబడ్డాడు. నేను దారి మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు. అప్పుడు గేటు మూసిన చప్పుడు వినబడింది.

మెదింగ్